మాటల మూలాలు వెదకిన మహనీయుడు – ఆర్చిబిషప్ ట్రెంచ్

దేవుని కృపవలన మన అధ్యక్ష మండలం నూరేళ్ళు నిండించుకున్న ఈ శుభ సమయంలో, సంచిక సంపాదక వర్గంవారు సభ్యులను తలా ఒక వ్యాసం రాయమని కోరారు. కొందరు తొలి మిషనరీల గురించి రాస్తున్నారు. కొందరు తమ సంఘానికి పునాది వేసిన పెద్దల గురించి, ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల గురించి రాస్తున్నారు. పల్లె బడుల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మేము మాత్రం ఈ నేలమీద ఎన్నడూ అడుగుపెట్టని ఒక దైవజనుని గురించి రాయదలచుకున్నాం. ఆయన పేరు రిచర్డ్ చెనెవిక్స్ ట్రెంచ్. ప్రభువు చెప్పిన ఉపమానాలపై ఆయన రాసిన వ్యాఖ్యానం వేదాంత విద్యార్థులు ఎరిగినదే. ఆయన మాటల పాఠం చెప్పిన గురువు కూడా అన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు.

ఈ సంచిక పని మొదలైన రోజుల్లో ఆదివారపు బడి పిల్లలను మేము ఒక ప్రశ్న అడిగాం. డయోసీసన్ సెంటినరీ సావనీర్ అని అందరూ అంటున్నారు గదా, ఆ మూడు మాటలకూ అర్థమేమిటని అడిగాం. అక్షరాలు తప్పులేకుండా చెప్పినవారు పదిమంది ఉన్నారు. అర్థం చెప్పినవారు ఒక్కరూ లేరు. అప్పుడు ఒక రైతు బిడ్డను, మీ ఇంటి స్థలం ఎంత అని అడిగాం. మూడు సెంట్లు అన్నాడు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు. పరీక్షలో పర్సెంటు అంటే నూటికి ఇంత అని. లాటిను భాషలో నూరును చెప్పే మాట ఒకటి సెంటులో, పర్సెంటులో, సెంటినరీలో కూర్చుని ఉన్నది. డయోసీస్ అనే మాటలో గ్రీకువారి ఇల్లు ఉన్నది. ఇల్లు చక్కబెట్టడం, పాలన చూడడం అని దాని మొదటి భావం. సావనీర్ అన్నది ఫ్రెంచివారి మాట. అడుగున ఉన్నది మనసులోకి రావడం, అనగా జ్ఞాపకం రావడం అని దాని లోపలి అర్థం. నూరేళ్ళ ఇంటి జ్ఞాపకం అని మూడు మాటలూ కలిపి చెప్పగానే పిల్లల ముఖాలు వికసించాయి. ఈ విధంగా చెప్పే పద్ధతి మా సొంతం కాదు. నూటడెబ్భై యేళ్ళకు పైబడిన నాడు ట్రెంచ్ గారు పల్లె ఉపాధ్యాయులకు నేర్పినదే. అందుకే ఆయన జీవితాన్ని మన సంఘస్థులకు పరిచయం చేయాలనిపించింది.

బాల్యం, విద్య

ట్రెంచ్ గారు 1807 సెప్టెంబరులో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించారు. తండ్రివైపు వారూ, తల్లివైపు వారూ కూడా విశ్వాసం నిమిత్తం ఫ్రాన్సు దేశం విడిచి వచ్చిన ప్రొటెస్టంటు కుటుంబాల సంతతి. తల్లి మెలిసినా గారు ఒక బిషప్పు మనుమరాలు, చదువరి, మంచి రచయిత్రి. ఆమె ఉత్తరాలనూ దినచర్యనూ కుమారుడు తర్వాత 1862లో అచ్చువేయించారు. పుట్టింది ఐర్లండులోనైనా ఆయన పెరిగింది దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లాలో. హారో పాఠశాలలో చదివి, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో 1829లో పట్టం పుచ్చుకున్నారు. కవి టెన్నిసన్ ఆ కళాశాలలో ఆయనకు స్నేహితుడు.

ఫ్రెంచి రక్తం, ఐరిష్ పుట్టుక, ఇంగ్లీషు పలుకు, చదువులో లాటినూ గ్రీకూ, ఇష్టంకొద్దీ నేర్చుకున్న స్పానిషూ – ఇన్ని భాషల మధ్య పెరిగినవానికి మాట ఎక్కడిది, ఎవరి ఇంటినుండి వచ్చింది అని అడగడం సహజమే. అయితే ఆ ప్రశ్న ఆయనకు పని కావడానికి ఇంకా ఇరవై యేళ్ళు పట్టింది.

తప్పటడుగు

ఇరవై మూడేళ్ళ వయసులో ట్రెంచ్ గారు ఒక ఆవేశానికి లోనయ్యారు. ఆనాడు స్పెయిన్ దేశం నిరంకుశుడైన రాజు చేతిలో ఉన్నది. ఇంగ్లండులో తలదాచుకున్న జనరల్ టొర్రిహోస్ అనే దేశభక్తుడు తిరుగుబాటుకు పథకం వేశాడు. కేంబ్రిడ్జి యువకులు కొందరు అతని పక్షం వహించారు. ట్రెంచ్ గారు 1830లో జిబ్రాల్టరు దాకా వెళ్ళి నెలల తరబడి కాచుకున్నారు. తిరుగుబాటు సాగలేదు. ఆయన 1831లో ఆశాభంగంతో ఇల్లు చేరారు. అదే సంవత్సరం డిసెంబరులో టొర్రిహోస్‌నూ అతని అనుచరులనూ మలగా తీరాన కాల్చివేశారు.

ప్రాణంతో మిగిలినవాడు ఆ ప్రాణాన్ని ఏమి చేసుకోవాలి? ట్రెంచ్ గారు 1832లో వివాహం చేసుకున్నారు. అదే సంవత్సరం డీకనుగా అభిషేకం పొందారు. ఆ తర్వాత చాలా యేళ్ళు ఎక్కువగా చిన్న చిన్న పల్లె సంఘాలలోనే ఆయన పరిచర్య సాగింది. హాంప్‌షైర్‌లోని కర్‌డ్రిడ్జి, ఆల్వర్‌స్టోక్, ఇచెన్‌స్టోక్ అనేవి ఆ ఊళ్ళు. దున్నేవారు, గొర్రెలు కాసేవారు, కూలి చేసేవారు ఆయన ప్రసంగాలు విన్నారు. ఆ పల్లెల్లో ఉండగానే 1841లో ఉపమానాల మీద, 1846లో అద్భుతాల మీద గ్రంథాలు ప్రకటించారు. విత్తువాడు, వల, పులిసిన పిండి, తప్పిపోయిన గొర్రె – ప్రభువు పరలోక సంగతులను పొలంలోని మాటలతో, వంటింటి మాటలతో చెప్పాడు. ఆ ఉపమానాలను ఏళ్ళ తరబడి ధ్యానించిన వ్యక్తి, సామాన్యుల వాడుక మాటల్లోనే లోతు ఉన్నదని గ్రహించడంలో ఆశ్చర్యం లేదు.

వించెస్టరులో మాటల పాఠాలు

వించెస్టరు అధ్యక్ష మండలానికి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఒకటి ఉండేది. పల్లె బడులకు పంతుళ్ళను తయారుచేయడం దాని పని. మన మిషను ట్రెయినింగు స్కూళ్ళ వంటిదే. ఆ విద్యార్థులకు ట్రెంచ్ గారు మాటల గురించి కొన్ని ఉపన్యాసాలు చేశారు. అవే 1851లో మాటల అధ్యయనం అనే పేరుతో పుస్తకంగా వచ్చాయి. పుస్తకం చిన్నది. ఎన్నో ముద్రణలు పొందింది. తరతరాల ఉపాధ్యాయుల చేతుల్లో నలిగింది.

ఆయన చెప్పిన సంగతి ఒక్కటే. నాణెం చేతులు మారి మారి అరిగి, దానిమీద బొమ్మ కనబడకుండా పోయినట్లు, మాట కూడా నోళ్ళలో నలిగి దాని మొదటి చిత్రం కనబడకుండా పోతుంది. ఆ చిత్రాన్ని మళ్ళీ చూపించినవాడే గురువు. చూసినవాడు ఆ మాటను మరచిపోడు.

ఆయన చూపిన మాటల్లో కొన్నిటిని మన ఇళ్ళ దగ్గర నిలబెట్టి చూద్దాం.

శ్రమకు ఇంగ్లీషులో ట్రిబ్యులేషన్ అంటారు. పలకడమే కష్టం. రోమా దేశపు రైతులు ధాన్యం నూర్చడానికి ఒక బల్ల వాడేవారు. దాని అడుగున రాళ్ళూ ఇనుప ముక్కలూ దిగగొట్టి, ఎద్దులతో కళ్ళంలో లాగించేవారు. ఆ బల్ల పేరు ట్రిబ్యులమ్. పన నలిగితేనే గింజ గడ్డినుండి విడివడుతుంది. తొలినాటి క్రైస్తవులు తమ బాధలకు ఆ పేరే పెట్టుకున్నారు. బాధ తమను పొడి చేయడానికి కాక గింజను వేరుచేయడానికి వచ్చిందని వారి విశ్వాసం. సంక్రాంతి ముందు కళ్ళంలో నూర్పిడి చూసిన మన పిల్లవానికి ఈ మాట మళ్ళీ చెప్పనక్కరలేదు.

తలాంతు సంగతి చూడండి. గ్రీకులో అది తూకం పేరు, ఆ తూకపు వెండి బంగారాల పేరు. ప్రభువు చెప్పిన ఒక్క ఉపమానం వలన దేవుడిచ్చిన వరమనే అర్థం దానికి వచ్చింది. ఇంగ్లీషువారు టాలెంట్ అంటున్నారు. మన తెలుగు బైబిలు దానిని తలాంతుగానే ఉంచింది. ఫలానా అమ్మాయికి పాడే తలాంతు ఉన్నదని మన సంఘాల్లో చదువురాని అవ్వ కూడా అంటుంది. ఆ అవ్వ ఒక గ్రీకు మాటను పలుకుతున్నదని ఆమెకు తెలియదు.

పశువుల పేర్లలో ఇంకొక కథ ఉన్నది. ఇంగ్లండును 1066లో నార్మన్లు జయించారు. అప్పటినుండి దొడ్డిలో ఉన్న ఎద్దుకూ, గొర్రెకూ, పందికీ పాత ఇంగ్లీషు పేర్లే నిలిచాయి. ఆక్స్, షీప్, స్వైన్ అన్నవి అవి. వండి బల్లమీద పెట్టిన మాంసానికి ఏలికల భాషనుండి బీఫ్, మటన్, పోర్క్ అనే పేర్లు వచ్చాయి. మేపినవానిది ఒక మాట, తిన్నవానిది ఒక మాట. ఎవరు కష్టపడ్డారో, ఎవరు అనుభవించారో చరిత్ర పుస్తకం దాచినా మాటలు దాచలేదు. మన పెద్దల బ్రతుకు ఎరిగినవారికి ఈ పాఠం విడమరచి చెప్పవలసిన పని లేదు.

అన్యజనులకు పేగన్ అనే మాట ఉన్నది. పల్లెవాడు అని దాని మొదటి అర్థం. సువార్త రోమా రాజ్యంలో ముందుగా పట్టణాలలో వేళ్ళూనిందనీ, పల్లెలు చాలాకాలం పాత దేవతలను విడవలేదనీ, అందువలన పల్లెవాడు అన్న మాటకే అన్యుడు అనే అర్థం వచ్చిందనీ ట్రెంచ్ గారు వివరించారు. తర్వాతి పండితులు కొందరు దీనికి వేరే వివరణ కూడా ఇచ్చారు. తెలుగునాట కథ తలకిందులు. ఇక్కడ సువార్త ఎక్కువగా పల్లెల్లో, పల్లెల్లోనూ ఊరి వెలుపలి పేటల్లో ముందు వేళ్ళూని తర్వాత పట్టణాలకు వచ్చింది. ఒక్క మాట పట్టుకుంటే రెండు దేశాల సంఘ చరిత్రలు ఎదురెదురుగా నిలబడి పలకరించుకుంటాయి.

మా తప్పు

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పద్ధతి ఎరుగం. రోజుకు పది మాటలు నల్లబల్ల మీద రాసి, వాటి పక్కన తెలుగు అర్థం రాసి, మరునాటికి కంఠస్థం చేసి రమ్మనేవాళ్ళం. అప్పజెప్పలేనివారికి బెత్తం దెబ్బలు. మా ఇంగ్లీషు పాఠం భయంతో మొదలై భయంతో ముగిసేది. మా తరగతిలో ఒక కూలివారి కుర్రవాడు ఉండేవాడు. లెక్కల్లో చురుకైనవాడు. పది మాటల్లో నాలుగు కూడా నిలుపుకోలేక రోజూ చేయి చాచేవాడు. ఒకనాడు బడి మానేశాడు. గేదెలు కాయడానికి పోయాడని తెలిసింది. ఇంటికి వెళ్ళి పిలిచినా మళ్ళీ రాలేదు. చదువు వంటబట్టలేదని ఊరివారు అన్నారు, మేము కూడా అన్నాం.

చాలా యేళ్ళ తర్వాత వేసవిలో అతడు ఒక కాలువ గట్టుమీద కనిపించాడు. కాలువ చివర అర ఎకరం కౌలుకు చేస్తున్నాడు. ఎగువవాడు రాత్రివేళ మడవ తెగ్గొట్టి నీళ్ళు మళ్ళించుకుంటున్నాడని గొడవపడి ఉన్నాడు. అప్పటికి ట్రెంచ్ గారి పుస్తకం మా చేతికి వచ్చింది. అందులో రైవల్ అనే మాట ఉన్నది. ఒకే ఏటి ఒడ్డున రెండు వైపులా కాపురముండి, ఆ నీటికోసం పోటీపడేవారని దాని మొదటి అర్థం. మేము ఊరకే ఆ మాట అతనికి చెప్పాం. అతడు కాలువ వైపు చూసి నవ్వాడు. రెండు నెలల తర్వాత ప్రార్థనకు వచ్చినప్పుడు ఆ మాట అతని నోట తప్పులేకుండా వచ్చింది. తన కూతురికి కూడా నేర్పానన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ కుర్రవానికి చదువు వంటబట్టకపోవడం కాదు. మేము వడ్డించలేకపోయాం. కాలువ అతని కళ్ళముందే ఉన్నది. మాట మా చేతిలో ఉన్నది. రెండింటినీ కలపడం తెలియక ఒక బిడ్డ చదువు పోగొట్టాం. ఆనాటినుండి బెత్తం పక్కన పెట్టాం. మాటకు ఒక ఇల్లు, ఒక పని చూపించకుండా కంఠస్థం చేయమని ఎవరినీ అడగలేదు. కంపేనియన్ అంటే రొట్టె కలిసి తిన్నవాడు, మన భాషలో ఒకే కంచంలో తిన్నవాడు అని చెప్పాం. డైసీ పువ్వు పేరులో పగటి కన్ను అనే అర్థం ఉన్నదని చెబితే, మన పొద్దుతిరుగుడు పేరు కూడా అటువంటిదే గదా అని పిల్లలే అన్నారు.

మూలం ఒక్కటే చాలదు

అయితే మాట పుట్టిల్లు తెలిసినంత మాత్రాన దాని అత్తిల్లు తెలిసినట్టు కాదు. ఇది కూడా ట్రెంచ్ గారు చెప్పినదే. సిల్లీ అనే మాటకు ఒకప్పుడు ధన్యుడు అనే అర్థం ఉండేది. తర్వాత అమాయకుడు, ఆ తర్వాత జాలిపడదగినవాడు అయి, నేడు తెలివితక్కువవాడు అయింది. నైస్ అనే మాట అజ్ఞాని అనే అర్థంతో బయలుదేరి నేడు మంచి అనే అర్థంలో స్థిరపడింది. ప్రివెంట్ అంటే 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ముందుగా వెళ్ళడం. నేడు అడ్డుకోవడం. పాత అర్థం తెలియక చదివితే వాక్యమే తప్పుగా బోధపడుతుంది. ఈ విధంగా అర్థం మారిన మాటలను ఏరి 1859లో ఆయన మరొక పుస్తకం ప్రకటించారు. ఇంగ్లీషు కొత్త నిబంధనను సవరించడానికి 1870లో ఏర్పడిన పండితుల సంఘంలో ఆయన కూడా సభ్యులయ్యారు. ఆ సవరణ 1881లో వెలువడింది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. మూలం చెప్పే కథ ఎంత అందంగా ఉంటే అంత అనుమానించాలి. సిన్సియర్ అంటే మైనం లేనిదనీ, శిల్పులు పగుళ్ళను మైనంతో పూడ్చేవారనీ ప్రసంగపీఠాలమీద తరచు వింటుంటాం. మేము కూడా చెప్పాం. నిఘంటుకారులు ఆ కథను అంగీకరించరు. శుద్ధమైనది, కల్తీ లేనిది అన్న లాటిను మాటనుండి అది వచ్చింది. ట్రెంచ్ గారు చెప్పిన మూలాల్లో సైతం కొన్నిటిని తర్వాతి పండితులు దిద్దారు. అది ఆయనకు తక్కువతనం కాదు. దిద్దడానికి కావలసిన సాధనానికి పునాది వేసినవారిలో ఆయనే ఒకరు.

మహా నిఘంటువు

ట్రెంచ్ గారు 1856లో వెస్ట్‌మినిస్టర్ ఆబీకి డీను అయ్యారు. రాజులకు పట్టాభిషేకం జరిగే ఆ ఆలయంలో సామాన్య జనులకోసం ఆదివారం సాయంకాలపు ఆరాధనలు ఆయన హయాంలోనే ఆరంభమయ్యాయి. మరుసటి సంవత్సరం, 1857 నవంబరులో, లండను భాషాశాస్త్ర సంఘంలో ఆయన రెండు పత్రాలు చదివారు. ఉన్న ఇంగ్లీషు నిఘంటువుల లోపాలేమిటన్నది విషయం. మంచి మాటలను ఉంచి చెడ్డ మాటలను తోసివేయడం నిఘంటుకారుని పని కాదన్నారు. అతడు తీర్పరి కాడు, చరిత్రకారుడు. ప్రతి మాటా ఎప్పుడు పుట్టింది, ఎలా పెరిగింది, ఎప్పుడు అర్థం మార్చుకుంది అన్నది పుస్తకాలలోని వాడుకలు చూపించి చెప్పాలి. ఇది ఒక్కరి చేత అయ్యే పని కాదు. భాష అంతటిమీద పెద్ద వల వేసి, అనేకమంది కలిసి లాగాలి.

ఈ మాటలు ఊరకే పోలేదు. 1858లో కొత్త నిఘంటువుకు నిర్ణయం జరిగింది. మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జి ముప్ఫై యేళ్ళకే 1861లో మరణించాడు. ఆ తర్వాత పని కుంటుపడింది. పద్నాలుగేళ్ళకే బడి మాని, సొంతంగా భాషలు నేర్చి బడిపంతులు అయిన జేమ్స్ మరే 1879లో ఆ భారం తలకెత్తుకున్నాడు. దేశదేశాలనుండి వేలమంది సామాన్యులు పుస్తకాలు చదివి, మాటల వాడుకలను చీటీలమీద రాసి పంపారు. మొదటి భాగం 1884లో వెలువడింది. గ్రంథం 1928లో పూర్తయింది. నాలుగు లక్షల పద్నాలుగు వేలకు పైగా మాటలు. ట్రెంచ్ గారి పత్రాలనుండి లెక్కిస్తే డెబ్భై యేళ్ళు. అదే నేడు లోకమంతా ఎరిగిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు.

ఆ నిఘంటువులో మన ఇంటి మాట కూడా ఒకటి ఉన్నది. బాండికూట్ అనే మాటకు మూలం తెలుగు పందికొక్కు అని అందులో రాశారు. మన గాదెల కింద బొరియలు తవ్వే జంతువు పేరు ఓడ ఎక్కి వెళ్ళి, ఆస్ట్రేలియాలో వేరొక జంతువుకు కూడా పేరయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో వచ్చిన నవ్వు మరే పాఠంలోనూ రాలేదు. ఇంగ్లీషు మనకు అప్పిచ్చే షావుకారు మాత్రమే కాదు, మన దగ్గర అప్పు తీసుకున్నది కూడా అని తెలిసిన పిల్లవాడు దాని ముందు తలవంచుకుని నిలబడడు.

డబ్లిన్‌లో చివరి యేండ్లు

ట్రెంచ్ గారు 1864 ఆరంభంలో డబ్లిన్ ఆర్చిబిషప్పుగా అభిషిక్తులయ్యారు. అది సుఖమైన పదవి కాదు. ఐర్లండు జనంలో ఆ సంఘస్థులు సుమారు ఎనిమిదో వంతు మాత్రమే. మిగిలినవారిలో అత్యధికులు రోమన్ కాథలిక్కులు. అయినా అదే ప్రభుత్వ సంఘంగా ఉండేది. ఈ అన్యాయాన్ని తొలగించడానికి పార్లమెంటు 1869లో చట్టం చేసింది. ట్రెంచ్ గారు దానిని వ్యతిరేకించారు. చట్టం అయిన తర్వాత మాత్రం అలిగి కూర్చోలేదు. 1871నుండి ప్రభుత్వ అండ లేకుండా తన కాళ్ళమీద తాను నిలబడవలసిన సంఘానికి ఓర్పుతో కాపరిగా నిలిచారు. 1875లో సముద్ర ప్రయాణంలో పడి రెండు మోకాళ్ళూ విరిగాయి. ఆరోగ్యం సన్నగిల్లి 1884లో పదవి విరమించారు. నిఘంటువు మొదటి భాగం వెలువడిన సంవత్సరం కూడా అదే. 1886 మార్చి 28న లండనులో ప్రభువునందు నిద్రించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలోనే ఆయనను సమాధి చేశారు.

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు వారి వెలుగుతోపాటు నీడ కూడా చెప్పడం న్యాయం. ఆయన పుట్టిన దేశానికి సొంత భాష ఉండేది. 1845లో మొదలైన ఘోర కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతకు తక్కువకాకుండా దేశం విడిచిపోయారు. వారిలో ఐరిష్ భాష మాట్లాడే పేదలు ఎందరో. ఆ శతాబ్దంలోనే ఆ భాష ఇళ్ళలో వేగంగా సన్నగిల్లిపోయింది. ఇంగ్లీషు మాటలు ఒక్కటి కూడా పోకూడదని ఆరాటపడిన ట్రెంచ్ గారి శ్రమ ఆ భాషకు దక్కలేదు. మాటల మీద ఆయన రాసిన పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు మాట గురించినవే.

ఈ నీడ మనకు హెచ్చరిక. ట్రెంచ్ గారి పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1852లో, సి.పి. బ్రౌన్ గారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయింది. పరాయి దేశస్థుడైన బ్రౌన్ గారు మన మాటలు ఏరి దాచిపెట్టగా, మనం మన పిల్లలకు కళ్ళం, మడవ, గాదె అనే మాటలు నేర్పకుండా పెంచుతున్నాం. కళ్ళం తెలియని బిడ్డకు ట్రిబ్యులేషన్ ఎలా చెప్పగలం? సొంత భాషలో మాటకు చోటు లేనివానికి పరాయి మాట నిలబడడానికి చోటెక్కడ? ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు ముందు బాగా రావాలని మేము అనుభవం మీద చెబుతున్నాం.

కాబట్టి సంఘస్థులైన తలిదండ్రులకు మా మనవి ఒక్కటే. కుటుంబ ప్రార్థన అయిన తర్వాత వారానికి ఒక్క మాట తీసుకోండి. గాస్పెల్ అంటే మంచి వార్త. మన సువార్త అనే మాటకూ అదే నిర్మాణం, సు అంటే మంచి, వార్త అంటే కబురు. పాస్టర్ అంటే మేపేవాడు. మినిస్టర్ అంటే సేవకుడు, అది దేవుని ఆలయంలోనైనా ప్రభుత్వంలోనైనా ఒకటే. బ్రేక్‌ఫాస్ట్ అంటే ఉపవాసం విరమించడం. హాలిడే అంటే పరిశుద్ధ దినం. మాట చెప్పండి, దాని పుట్టిల్లు చెప్పండి, మీ ఇంట్లో అది ఎక్కడ ఉన్నదో బిడ్డనే వెదకనివ్వండి. పుట్టిల్లు మీకు తెలియకపోతే బిడ్డతో కలిసి నిఘంటువు తెరవండి, ఊహించి చెప్పకండి.

స్పెయిన్‌లో కత్తి పట్టబోయి తిరిగి వచ్చిన ఆ యువకుడు పల్లె పంతుళ్ళ చేతికి మాట అనే దీపం ఇచ్చి వెళ్ళాడు. ఆ దీపం మాకు ఆలస్యంగా అందింది. ఒక బిడ్డ మా చేతిలోనుండి జారిపోయిన తర్వాత అందింది. ఆ బిడ్డ కూతురు ఇప్పుడు పట్టణంలో కళాశాల చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట పట్టుకుని మా గుమ్మం ఎక్కుతుంది. రానున్న నూరేళ్ళలో మన అధ్యక్ష మండలపు బడుల్లో ఏ బిడ్డా మాటకు భయపడి ఇంటిదారి పట్టకుండా ప్రభువు సహాయం చేయునుగాక.